గోడకి తెల్లదనం, పిల్లలకి సీసం: మంచి రంగు దొరికాక కూడా వందేళ్లు ఎందుకు ఆగాం?

ఒక్క సెకను ఫోన్ మీంచి కళ్లు తీసి మీ గది చూడండి. గోడ, తలుపు, కిటికీ గ్రిల్, గడప. వీటన్నిటి మీదా ఒక పల్చటి పొర ఉంది, వెంట్రుక మందం కూడా ఉండదు. ఈరోజు ఎపిసోడ్ ఆ పొర గురించే.

ముందు మూడు తేదీలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. 1904లో ఒక డాక్టర్ ఇంటి పెయింట్‌లోని సీసం పిల్లల్ని జబ్బు చేస్తోందని రాశాడు. 1916 ప్రాంతంలో సీసం అవసరం లేని, ఇంకా మంచి తెల్ల రంగు తయారవడం మొదలైంది. 2017లో మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసానికి చట్టపరమైన పరిమితి అమల్లోకి వచ్చింది. 1916కి, 2017కి మధ్య 101 ఏళ్లు. సమస్య తెలుసు, పరిష్కారం చేతిలో ఉంది, అయినా వందేళ్లు. ఆ వందేళ్లలో ఏం జరిగిందో చూద్దాం.

మొదట కొంచెం సైన్స్. అసలు సీసమే ఎందుకు? సున్నం ఉంది కదా?

సున్నం కొట్టిన గోడ మీద వాన పడితే ఏమవుతుందో మీకు తెలుసు. తెల్లదనం పోయి మసగ్గా అయిపోతుంది, ఆరాక మళ్లీ తెల్లగా వస్తుంది. రంగు ఎక్కడికీ పోలేదు. వెలుతురు ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి వెళ్లేటప్పుడు వంగుతుంది, చెదురుతుంది. రెండిటి వక్రీభవన గుణకాల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ చెదురుతుంది. ఆ చెదరడమే మన కంటికి తెలుపు. గాలికి ఆ నంబర్ 1, ఆరిన సున్నానికి దాదాపు 1.6. తేడా బాగుంది, అందుకే తెలుపు. తడిస్తే సున్నం కణాల మధ్య గాలి బదులు నీళ్లు చేరతాయి. నీటి నంబర్ 1.33. తేడా తగ్గింది, తెలుపు తగ్గింది.

ఇప్పుడు చెక్కకి, ఇనుముకి వేయాలంటే నూనె పెయింట్ కావాలి. పాతకాలంలో అది అవిసె నూనె, దాని నంబర్ దాదాపు 1.5. అందులో సుద్ద కలిపితే తేడా 0.1 మాత్రమే. కింద ఉన్నదంతా కనిపిస్తుంది, కప్పదు. కానీ సీసం నుంచి చేసే తెల్లపొడి నంబర్ దాదాపు 2. ఒక్కసారి బ్రష్ లాగితే కప్పేస్తుంది. పైగా అది నూనెతో కలిసి గట్టిగా, సాగేలా ఉండే పొరగా మారుతుంది. ఎండకీ వానకీ తట్టుకుంటుంది. అందుకే రెండు వేల ఏళ్లకి పైగా దానికి పోటీ లేదు. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ క్రీస్తుకు పూర్వమే దాన్ని చేసే పద్ధతి రాసిపెట్టాడు.

ఆ పద్ధతి వింటే ఆశ్చర్యపోతారు. తర్వాతి కాలంలో డచ్ పద్ధతి అని పేరొచ్చింది. మట్టి కుండలో కొంచెం వెనిగర్ పోస్తారు, పైన సీసం రేకు చుట్టలు పెడతారు. అలాంటి కుండలు వరసలుగా పేర్చి గుర్రపు లద్దెతో కప్పేస్తారు. లద్దె కుళ్లేటప్పుడు వేడి, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. సుమారు మూడు నెలలకి సీసం మీద తెల్లటి పెచ్చులు కడతాయి. వాటిని రాల్చి, కడిగి, ఆరబెట్టి, నూరితే అదే సఫేదా, అంటే వైట్ లెడ్.

రాల్చేది ఎవరు? నూరేది ఎవరు? ఇంగ్లండ్‌లో ఈ ఫ్యాక్టరీల్లో పనిచేసింది ఎక్కువగా పేద ఆడవాళ్లు. కడుపునొప్పి, మూర్ఛలు, చూపు పోవడం, గర్భస్రావాలు. 1898లో అక్కడ ఈ పనిలోని ప్రమాదకరమైన దశల్లో ఆడవాళ్లని పెట్టుకోకూడదని నిషేధం వచ్చింది. అంటే వైట్ లెడ్ విషం అన్న సంగతి రహస్యమేమీ కాదు.

అలాంటప్పుడు ప్రత్యామ్నాయం కోసం ఎవరూ ప్రయత్నించలేదా? ప్రయత్నించారు. పారిస్‌లో లెక్లేర్ అని ఒక పెయింటింగ్ కాంట్రాక్టర్ ఉండేవాడు. సైంటిస్ట్ కాదు, తన దగ్గర పనిచేసే పెయింటర్లు జబ్బు పడుతుంటే చూసిన మనిషి. 1840ల్లోనే ఆయన జింక్ నుంచి తెల్ల రంగు పెద్ద ఎత్తున తయారు చేయించి వాడాడు. పని చేసింది. కానీ జింక్ పొర పెళుసు, బయట ఎండలో పగుళ్లు వచ్చేవి. సీసం సీటు కదల్లేదు. అయినా ఫ్రాన్స్ 1909లో చట్టం చేసింది: 1915 నుంచి భవనాల పెయింటింగ్‌లో వైట్ లెడ్ వాడకూడదు అని.

ఇక్కడిదాకా కథ పనివాళ్లది. ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. ప్లేస్: ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, బ్రిస్బేన్ నగరం.

అక్కడ చెక్క ఇళ్లు, చుట్టూ వరండాలు, వాటికి తెల్ల పెయింట్ వేసిన రెయిలింగులు. పిల్లలు ఆడుకునేదంతా ఆ వరండాలోనే. లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టర్ దగ్గరికి చూపు దెబ్బతిన్న పిల్లలు వస్తున్నారు. పరీక్షిస్తే సీసం విషం. ఎక్కడి నుంచి? నీళ్లా, గిన్నెలా, బొమ్మలా అని వెతికాడు. చివరికి దొరికింది రెయిలింగ్ దగ్గర. ఎండకి పెయింట్ పొడి పొడిగా అయిపోతుంది. పట్టుకున్న చేతికి ఆ పొడి అంటుకుంటుంది. ఆ చెయ్యి నోట్లోకి వెళ్తుంది. 1904లో ఆయన దీన్ని మెడికల్ జర్నల్‌లో రాశాడు. క్వీన్స్‌లాండ్‌లో చట్టం మాత్రం 1922లో వచ్చింది, పిల్లలకి అందే చోట్ల సీసం పెయింట్ వేయొద్దని.

ఇక్కడ ఒక మాట. సీసం మన శరీరాన్ని మోసం చేస్తుంది. క్యాల్షియంలా నటించి ఎముకల్లోకి, మెదడులోకి వెళ్తుంది. నోట్లోకి వెళ్లిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇంత వరకు సేఫ్ అనే లెవెల్ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పైగా ఆ డ్యామేజ్ జ్వరంలా బయటికి కనిపించదు. క్లాసులో వెనకబడతాడు, కుదురుగా కూర్చోడు. "మొద్దు వెధవ" అంటాం, అంతే.

ఇప్పుడు అసలు ఇన్నొవేషన్ వచ్చింది. 1916 ప్రాంతంలో నార్వేలో ఒక బృందం, అమెరికాలో నయాగరా దగ్గర ఇంకో బృందం విడివిడిగా టైటానియం డయాక్సైడ్‌ని పెయింట్ రంగుగా తయారు చేయడం మొదలుపెట్టాయి. ఇందాకటి నంబర్ గుర్తుందా? సీసానిది 2. టైటానియం డయాక్సైడ్‌ది 2.5 నుంచి 2.7. వజ్రానిది 2.4. వజ్రం కంటే ఎక్కువగా వెలుతురుని వంచే తెల్లపొడి! సీసం లాంటి విషం లేదు, కప్పే శక్తి చాలా ఎక్కువ. మీ గోడ మీద ఇప్పుడున్నది దాదాపు కచ్చితంగా ఇదే.

1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం కూడా తెచ్చింది, భవనాల లోపలి పెయింటింగ్‌లో వైట్ లెడ్ వాడొద్దని. అందులోనూ ఒక మినహాయింపు: అవసరమని అధికారులు అనుకుంటే రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో వాడుకోవచ్చు. అమెరికా అప్పటికి ఆ సంస్థలో సభ్యదేశమే కాదు.

అమెరికాలో జరిగింది వినండి. అక్కడ వైట్ లెడ్ అమ్మే పెద్ద కంపెనీ నేషనల్ లెడ్. దాని బ్రాండ్ డచ్ బాయ్, టోపీ పెట్టుకుని చేతిలో బ్రష్ పట్టుకున్న పిల్లాడి బొమ్మ. 1920ల్లో ఆ కంపెనీ పిల్లల కోసం రంగులేసుకునే పుస్తకాలు పంచింది, సీసం ఎంత మంచి స్నేహితుడో చెప్పే కథలతో. అదే కంపెనీ అదే దశాబ్దంలో టైటానియం రంగు చేసే కంపెనీలో వాటా కొని ఆ వ్యాపారంలోకీ వెళ్లింది. అంటే ఒక చేతిలో పాతది, ఒక చేతిలో కొత్తది. కొత్తది వచ్చింది కదా అని పాతది ఆపలేదు, రెండూ అమ్ముకుంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఇలాంటిదే రోజూ చూసేవాణ్ణి. కొత్త వెర్షన్ రెడీగా ఉంటుంది, పాతది మాత్రం ప్రొడక్షన్‌లో నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే పాతదాని వల్ల నొప్పి భరించేవాడు వేరు, డెసిషన్ తీసుకునేవాడు వేరు. పెయింట్ కథ కూడా ఇదే. కొనేది ఇంటి ఓనర్, అమ్మేది కంపెనీ, వేసేది పెయింటర్. మింగేది రెండేళ్ల పిల్లాడు. ఆ పిల్లాడు ఏ మీటింగ్‌లోనూ లేడు.

తర్వాత నత్తనడక. 1951లో బాల్టిమోర్ నగరం ఇళ్ల లోపల సీసం పెయింట్ నిషేధించింది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టర్ బోస్టన్ పక్క ఊళ్లలో పిల్లల ఊడిన పాలపళ్లు సేకరించి, వాటిలో సీసం కొలిచాడు. సీసం ఎక్కువున్న పిల్లలకి ఐక్యూ స్కోర్లు తక్కువగా వచ్చాయి. బయటికి ఏ జబ్బూ లేని పిల్లలు వాళ్లు! తర్వాత ఆయన పరిశోధన మీదే ఆరోపణలు వచ్చి, ఏళ్ల తరబడి విచారణలు నడిచాయి. చివరికి మోసం ఏమీ లేదని తేలింది. దానికి ఏడాది ముందే, 1978లో, అమెరికా దేశవ్యాప్తంగా ఇంటి పెయింట్లలో సీసాన్ని నిషేధించింది. కానీ గోడల మీద ఉన్నది అలాగే ఉంది. ఆ పాత పెయింట్ కేసులోనే 2019లో కాలిఫోర్నియాలో మూడు కంపెనీలు కలిసి 30.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. బిల్లు మనవళ్ల కాలంలో వచ్చిందన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి. టైటానియం డయాక్సైడ్ దేని నుంచి వస్తుంది? ప్రధానంగా ఇల్మెనైట్ అనే నల్లటి ఖనిజం నుంచి. మన శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా బీచ్‌లో కనిపించే నల్ల ఇసుకలో ఉండేది అదే. కేరళ తీరంలో ఇంకా ఎక్కువ. 1930ల్లో ప్రపంచానికి ఇల్మెనైట్ పంపే ముఖ్యమైన చోటు తిరువాన్కూర్ సంస్థానం. 1946లో అక్కడే టైటానియం డయాక్సైడ్ తయారీ కంపెనీ కూడా పెట్టారు. ముడిసరుకు మనది, టెక్నాలజీ కూడా వచ్చింది. మరి 2017 దాకా ఎందుకు?

ఎందుకంటే సీసం తెలుపు నుంచి దిగిపోయి వేరే రంగుల్లో దాక్కుంది. మెరిసే పసుపు, నారింజ రంగులకి లెడ్ క్రోమేట్ చవక. పసుపుకి నీలం కలిపితే ఆకుపచ్చ, అందులోనూ అదే. నూనె పెయింట్ త్వరగా ఆరడానికి కలిపే డ్రయ్యర్లలో కూడా సీసం. 2007లో ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ టెస్టులు చేయిస్తే, నీళ్లతో కలిపే పెయింట్లలో సీసం తక్కువ, ఎనామెల్స్‌లో ఎక్కువ అని తేలింది. అప్పటికి మన దగ్గరున్న పరిమితి స్వచ్ఛందం, 1000 పీపీఎం. ఇష్టమైతే పాటించు, లేకపోతే లేదు. 2016 నవంబర్ 1న నియమాలు నోటిఫై అయ్యి, 2017 నవంబర్ 1 నుంచి 90 పీపీఎం అమల్లోకి వచ్చింది. అంటే పది లక్షల భాగాల్లో 90కి మించకూడదు.

ఇప్పుడు మన ఇళ్లలో గడప గుర్తు చేసుకోండి. రోజూ పసుపు రాసే ఓపిక లేక పసుపు ఎనామెల్ వేయించి, ఎర్ర బొట్లు పెట్టిస్తాం. ఎన్నో ఇళ్లలో అది 2017కి ముందు వేసిందే. పాకే పిల్లలు దాటేది ఆ గడపనే. అందులో సీసం కచ్చితంగా ఉందని నేను అనట్లేదు, ఉండే అవకాశం ఉంది అంటున్నా. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల రిపోర్ట్ అంచనా ప్రకారం మన దేశంలో 27 కోట్లకి పైగా పిల్లల రక్తంలో సీసం ఆందోళన పడాల్సిన స్థాయిలో ఉంది. కారణం పెయింట్ ఒక్కటే కాదు, పాత బ్యాటరీల రీసైక్లింగ్, కల్తీ మసాలాలు కూడా ఉన్నాయి. కానీ మన చేతిలో ఉన్నది పెయింటే.

కాబట్టి మూడు పనులు. ఒకటి, పెయింట్ డబ్బా కొనేటప్పుడు లేబుల్ చదవండి. సీసం 90 పీపీఎం మించదని రాసి ఉండాలి, అది రూల్. రెండు, పాత గ్రిల్స్, తలుపులు, గడపలు మళ్లీ పెయింట్ చేయించేటప్పుడు పొడిగా గీకించొద్దు. తడిపి రుద్దమనండి, తడిగుడ్డతో తుడిపించండి, పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లని అక్కడ ఉంచొద్దు. పెయింటర్ అన్నకి కూడా మాస్క్ ఇవ్వండి, ఆ దుమ్ము మొదట పీల్చేది ఆయనే. మూడు, ఆ నియమాల పేరులోనే ఉంది, ఇంటి పెయింట్లు, డెకరేటివ్ పెయింట్లు అని. ఇండస్ట్రియల్ పెయింట్లు అందులో లేవు. మీ కాలనీ పార్కులో జారుడుబల్లకి ఏ పెయింట్ వేశారు? అడగండి. అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో, స్కూల్ పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి.

కొత్త టెక్నాలజీ వచ్చిందంటే చాలు, పాత ప్రమాదం దానంతటదే పోతుంది అనుకుంటాం. ఈ వందేళ్లు చూస్తే అలా జరగలేదు. టైటానియం సీసాన్ని ఓడించింది ల్యాబ్‌లో. గోడ మీద ఓడించింది మాత్రం రెయిలింగ్ పొడిని గమనించిన డాక్టర్, పాలపళ్లు ఏరుకున్న డాక్టర్, డబ్బాలు కొని టెస్టులు చేయించిన కార్యకర్తలు. ఎవరో ఒకరు అడిగారు కాబట్టి కదిలింది.

మీ ఇంట్లో గడప ఏ రంగు, ఎప్పుడు వేశారు? కామెంట్‌లో రాయండి. పాకే పిల్లలున్న ఇంటికి ఈ ఎపిసోడ్ పంపండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి.