రాణీగంజ్ కొటేషన్‌కు టీక

నేరేడ్‌మెట్, సఫిల్‌గూడ, సైనిక్‌పురి కాలనీల్లో తురాయి చెట్లకు కొదవ లేదు. మే నెలలో గాలివాన కొట్టిందంటే కొమ్మలు విరిగి దారికి అడ్డం పడతాయి. ప్రతిసారీ మనిషిని వెతుక్కునే బదులు రంపం మిషనే కొనేద్దామని అపార్ట్‌మెంటు సంఘంలో ఎవరో ఒకరు అంటారు. వెళ్లేది మిషన్ల దుకాణాలుండే రాణీగంజ్‌కే. అక్కడ చేతికొచ్చే చీటీ ఇంచుమించు ఇలా ఉంటుంది:

చైన్‌సా, 18 అంగుళాల బారు. లిస్టు రేటు 18,000. లెస్ 12%. జీఎస్టీ ఎక్స్‌ట్రా. వారంటీ 6 నెలలు, కంపెనీ షరతులకు లోబడి.

లిస్టు రేటు: కంపెనీ ధరల పట్టీలోని అంకె. పెట్టె మీద అచ్చయిన ఎమ్మార్పీ వేరు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉండాలి, దాన్ని మించి అమ్మకూడదు. బేరానికి ముందే పెట్టె తెప్పించి ఆ అంకె చూసుకోవాలి.

లెస్ 12%, జీఎస్టీ ఎక్స్‌ట్రా: ఈ రెంటినీ కలిపే చదవాలి. 18,000లో 12 శాతం పోతే 15,840. దాని మీద 18 శాతం పన్ను 2,851. వెరసి 18,691. తగ్గించామన్న ధర లిస్టు రేటును దాటేసింది! పన్ను కట్టాక కూడా లిస్టు రేటు దగ్గరే ఆగాలంటే లెస్ 15 శాతం పైచిలుకు ఉండాలి. అందుకే శాతాల జోలికి పోకుండా "అంతా కలిపి లాస్ట్ ఎంత, సేఠ్?" అని అడగడమే నయం.

తగ్గింపును బిల్లులోనే చూపించమనాలి. అలా చూపిస్తే పన్ను తగ్గిన ధర మీదే పడుతుంది, వెయ్యి తగ్గితే పన్నులోనూ 180 మిగులుతుంది. "బిల్లు వద్దంటే ఇంకో వెయ్యి తీసేస్తా" అనే బేరం మాత్రం వద్దు. రేపు వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

18 అంగుళాల బారు: అసలు బేరమంతా ఇక్కడుంది. బారు పొడుగైతే మిషను గొప్పదనుకుంటాం. స్టిల్ ఎం.ఎస్.180 ఇంజను 31.8 సీసీ, దానికి 14 లేదా 16 అంగుళాల బారు చాలు. కాలనీ కొమ్మలకు అంతకు మించి అక్కర్లేదు. 58 సీసీ అని రాసి 22 అంగుళాల బారుతో అమ్మే చవక రకాలు మోయడానికే ఒక మనిషి కావాలి. బారు చిన్నదైతే చైనూ చవక.

మిషను మీద ఇంకో ఐదొందలకు గంటసేపు పట్టుబట్టడం కన్నా రెండో చైను, ఆకురాయి అడగడం మేలు. మిషను ధరలో డీలరు చేతిలో ఉండేది కొంతే, విడిభాగాల్లో అతనికి వెసులుబాటు ఎక్కువ. చైను ఇస్తానన్నాక బారు మీద చెక్కిన పిచ్, గేజ్, లింకుల సంఖ్యతో సరిపోల్చుకోవాలి. ఆకురాయి కూడా చైనును బట్టే: సన్నరకం 3/8 చైనుకు 4 మిల్లీమీటర్లది, .325 చైనుకు 4.8ది.

డబ్బు కట్టే ముందు చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేయించాలి. ముందే వేడెక్కించి ఉంచితే ఒక్క లాగుకే అంటుకుంటుంది, అది పరీక్ష కాదు. ఐడిల్‌లో ఉన్నప్పుడు చైను కదలకూడదు. బారు కొసను అట్టముక్కకు తగలకుండా కాస్త ఎడంగా పట్టుకుని రేజ్ చేయమనండి. అట్ట మీద సన్నగా నూనె గీత పడాలి. పడకపోతే ఎంత లెస్ ఇచ్చినా ఆ పీసు వద్దు.

చీటీలో రాయని మాట ఒకటుంది, అదే అదను. గాలివాన పడిన మర్నాడు వెళ్తే బేరమే ఉండదు. డీలర్లు ఏడాది లెక్కలు ముగించుకునే మార్చిలోనో, దసరా ఆయుధపూజ ముందో వెళ్తే మాట చెల్లుతుంది.

వారంటీ, కంపెనీ షరతులకు లోబడి: చైను, బారు, ప్లగ్గు, ఫిల్టరు అరిగే సామాన్లు, సాధారణంగా ఇందులోకి రావు. ఆయిల్ కలపకుండా పెట్రోలు పోసి ఇంజను పట్టేసినా అంతే. కంపెనీ టూస్ట్రోక్ ఆయిలైతే స్టిల్ లెక్కలో లీటరుకు 20 మిల్లీలీటర్లు, మామూలుదైతే 40. కాబట్టి ఇక్కడ అడగాల్సింది నెలలు పెంచమని కాదు, మొదటి సర్వీసు, కార్బురేటర్ ట్యూనింగ్ ఉచితంగా చేయమని. డీలరు సరేనంటే ఆ మాటను బిల్లు మీద, మిషను సీరియల్ నంబరు పక్కనే రాయించి స్టాంపు వేయించుకోండి.