ఒపెరా ముందు బంగాళాదుంపలు

జ్యూరిక్‌లో ట్రామ్ దిగి ఒపెరా హౌస్ వైపు నడిస్తే రాళ్లు పరిచిన పెద్ద మైదానం వస్తుంది. పేరు సెక్సెలాయిటెన్‌ప్లాట్జ్. కాస్త ఎండ వస్తే చాలు, జనం అక్కడ కుర్చీలు లాక్కుని కూర్చుంటారు. ఉద్యోగానికి కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాళ్లు ఫొటోలు దిగి ఇంటికి పంపేదీ అక్కడినుంచే. రెండో ప్రపంచయుద్ధంలో ఆ చోట బంగాళాదుంపలు పండించారంటే వాళ్లు ఓ పట్టాన నమ్మరు.

స్విట్జర్లాండ్ ఆ యుద్ధంలో దిగలేదు కదా మరి!

దిగలేదు. కానీ 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయేసరికి దాదాపు నాలుగు వైపులా జర్మనీ, ఇటలీల పెత్తనమే మిగిలింది. తిండిలో సగానికి దగ్గరగా బయటినుంచి తెచ్చుకునే దేశం, సముద్రమూ లేదు. మొదటి యుద్ధంలో తిన్న దెబ్బ ఇంకా మానలేదు. అప్పుడు ధరలు రెట్టింపు దాటాయి, 1917 దాకా రొట్టెకు రేషన్ పెట్టలేదు. 1918 నవంబరులో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. కారణాల్లో ఆకలీ ఒకటి.

ఈసారి యుద్ధం మొదలైన 1939లోనే రేషన్ కార్డులు వచ్చాయి. మరుసటి నవంబరులో ఫ్రీడ్రిష్ వాలెన్ అనే వ్యవసాయ నిపుణుడు తన పథకం బయటపెట్టాడు: పచ్చిక బయళ్లు దున్ని ధాన్యం, దుంపలు వేయాలి. పార్కులు, ఆటస్థలాలు సైతం సాగులోకి వచ్చాయి. సాగుభూమి సుమారు 1.8 లక్షల హెక్టార్ల నుంచి 3.5 లక్షలకు పెరిగింది. బంగాళాదుంపకు చివరిదాకా రేషన్ పెట్టాల్సిన అవసరం రాలేదు.

రొట్టె సంగతి వేరు. పొయ్యిలోంచి తీసిన రోజున అమ్మకూడదని చట్టం చేశారు. వేడి అన్నమైతే రెండు ముద్దలు ఎక్కువ దిగుతుందని తెలిసిన తెలుగింటికి ఆ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంత చేసినా స్వయంసమృద్ధి 52 శాతం నుంచి 59కే చేరింది. మిగతాది కొనక తప్పలేదు. అందుకే తీరమే లేని ఆ దేశం 1941లో సొంత జెండాతో సరుకు ఓడలు నడిపింది. కాగితం మీద వాటి రేవు బాజెల్, రైన్ నది ఒడ్డున ఉన్న ఊరు! రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1948లో.

ఆ భయం మాత్రం చట్టంగా మిగిలింది. పంచదార, బియ్యం, నూనె లాంటి సరుకులు నెలల తరబడి సరిపోయేలా నిల్వ ఉంచే బాధ్యత ఇప్పటికీ దిగుమతి కంపెనీలదే. 2019లో ప్రభుత్వం కాఫీని ఆ జాబితాలోంచి తీసేద్దామనుకుంది. ప్రాణం నిలపడానికి అది అవసరం కాదంది. వ్యాపారులూ జనమూ గొడవ చేశారు. కాఫీ గింజల బస్తాలు గోదాముల్లోనే ఉండిపోయాయి, బియ్యంతో పాటు.