పహణి గడులు: పావగడ సీమలో భూమి లెక్క కంప్యూటర్‌కెక్కిన చరిత్ర

తుమకూరు జిల్లాకు చెందినా మూడు వైపులా ఆంధ్ర పల్లెలే ఆనుకొని ఉన్న పావగడ తాలూకాలో ఇళ్లల్లో మాట చాలాచోట్ల తెలుగే అయినా, భూమి లెక్క మాత్రం కన్నడంలోనే సాగుతూ వచ్చింది. ఒక్కొక్క సర్వే నంబరులో విస్తీర్ణమెంత, అది ఎవరి పేర ఉంది, ఏ పంట వేశారు, ఏ అప్పు ఉంది అన్న వివరాలను గడులు గడులుగా చూపే ఆ పత్రాన్ని పహణి అంటారు. దాన్ని తరతరాలుగా రాసిన శానుభోగుల వంశపారంపర్య పదవి 1961 నాటి చట్టంతో రద్దు కాగా, ఆ పుస్తకాలు జీతానికి పనిచేసే గ్రామ లెక్కాధికారుల చేతికి వచ్చాయి.

ఆ పుస్తకాలను కంప్యూటర్‌కెక్కించాలంటే సాఫ్ట్‌వేర్ కావాలి. సాఫ్ట్‌వేర్‌ను రూపొందించే ముందు దానితో పని పడేవారికి ఏమేమి కావాలో తెలుసుకొనడాన్ని అవసరాల సేకరణ అంటారు. ఉన్న పత్రాలను చదవడం, పని తెలిసినవారిని అడగడం, ఒకచోట చిన్న ఎత్తున నడిపి చూడడం అందులో ముఖ్యమైన పద్ధతులు. కర్ణాటకలో 1990ల తొలినాళ్ల ప్రయత్నం కాగితంలోని సమాచారాన్ని ఎక్కించింది గానీ, భూమి చేతులు మారినప్పుడల్లా జరగవలసిన పట్టా మార్పును వెంటనే నమోదు చేసే ఏర్పాటు అందులో లేనందున ఆ సమాచారం త్వరలోనే పాతబడిపోయింది. ఆ అనుభవం తర్వాత, రెవెన్యూ శాఖలో రాజీవ్ చావ్లా నడిపించిన ‘భూమి’ పథకం మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో ముందుగా పరీక్షకు నిలిచి, రెవెన్యూ ఉద్యోగులతో సదస్సులు జరిపి, ఆ తర్వాతే రాష్ట్రమంతటా విస్తరించి, దాదాపు 67 లక్షల మంది రైతులకు చెందిన సుమారు 2 కోట్ల పహణులను కంప్యూటర్‌లోకి చేర్చింది.

రైతు ఇబ్బందిని తెలుసుకొన్న గుర్తులు ఆ ఏర్పాటులో స్పష్టంగా కనిపిస్తాయి: తాలూకా కేంద్రంలో 15 రూపాయలకు పహణి నకలు ఇచ్చారు; లోపల జరిగే పని కిటికీ బయట నిలిచినవారికి కనబడేలా రెండో తెరను వారివైపు తిప్పిపెట్టారు; పట్టా మార్పు అర్జీలను వచ్చిన వరుసలోనే తీసుకొని, సిబ్బంది వేలిముద్ర వేసిన తర్వాతే లెక్క మార్చేలా కట్టుదిట్టం చేశారు.

అయితే పహణి ఎవరిని చూపుతుందన్న ప్రశ్న పావగడలో ఎదురైంది. తిరుమణి, వల్లూరు మొదలైన 5 గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాలను ఏడాదికి ఎకరాకు 21,000 రూపాయల కౌలుకు తీసుకొని, 2018 మార్చి 1న ప్రారంభించిన 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కులో, కౌలు సొమ్ము పత్రంలో పేరున్న భూయజమానికి అందింది. ఆ చేలల్లో కూలికి పోయి బతికిన భూమిలేనివారికి అందులో వాటా లేకపోయింది, ఎందుకంటే వారి పని పహణిలో ఏ గడికీ ఎక్కదు.

కాబట్టి అవసరాల సేకరణకు పద్ధతిని ఎంచుకోవడమంటే ఎవరి మాట వినాలో ఎంచుకోవడమే. పల్లె బతుకును తాకే సాఫ్ట్‌వేర్ ఇకపై ఏది తయారైనా, పత్రాలను చదివి, ఉద్యోగులను అడిగిన తర్వాత, పొలం గట్టు మీద నిలిచి కూలివారిని వారి ఇంటి భాషలో అడిగిన మాటలు కూడా అందులో చేరాలి.