నెత్తుటితో రాసుకున్న విశ్వాస ప్రమాణం



మా ఊళ్ళో రెండు గుళ్ళున్నాయి. చెరువుగట్టు వైపున్నది మాది, పెద్దవీధిలోది ఆర్‌సీఎం వాళ్ళది. వాళ్ళ గుళ్ళో ఒక పక్కన సిలువనూ గులాబీలనూ గుండెకు హత్తుకొని నిలబడ్డ మఠకన్య స్వరూపం ఉంది. చిన్న తెరేజమ్మ అంటారు. ఆ వీధిలో తెరేజమ్మ అన్న పేరు లేని ఇల్లు తక్కువే.

ఆ గుడికి చెందిన ఒక అక్క కిందటేడు పాము కాటుకు కొడుకును పోగొట్టుకుంది. అప్పటినుంచి పూజకు వెళ్ళడం మానేసింది. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, నన్ను మీ సంఘంలో కలుపుకోండి. మా గుళ్ళో ఆ పూలమ్మాయి మొహం చూడలేకపోతున్నాను. కడుపుకోత ఆమెకేం తెలుసు?" అంది.

దాచకుండా చెప్పాలంటే, ముందు మాకు సంతోషమే కలిగింది. సంఘపు పుస్తకంలో ఒక పేరు పెరుగుతుందనుకున్నాం. రాత్రి పడుకున్నాక ఆ సంతోషానికి సిగ్గేసింది. ఆమె గుండెలో మెదులుతున్నది అసలు దేవుడున్నాడా అన్న ప్రశ్న. గుడి మారితే ఆ ప్రశ్న గుమ్మం దగ్గరే ఆగిపోతుందా?

సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో మా సంఘ చరిత్ర పాఠం లూథరు దాకా వచ్చాక మళ్ళీ కతోలికుల వైపు తిరిగి చూడలేదు. పునీతులంటే స్వరూపాలూ, మొక్కుబళ్ళూ అని తోసేశాం. చాలా ఏళ్ళ తర్వాత ఈ తెరేజమ్మ తన చేత్తో రాసుకున్న జీవితకథ చదివినప్పుడు గానీ, ఆ గులాబీల వెనక ఏముందో తెలియలేదు. మర్నాడు ఆ అక్క ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది ఆ కథే.

ఆమె 1873లో ఫ్రాన్సులో పుట్టింది. తల్లి జేలీ తొమ్మిది మందిని కని నలుగురిని పసితనంలోనే మట్టిలో పెట్టింది. ఆ తల్లి కూడా రొమ్ము క్యాన్సరుతో పోయేనాటికి తెరేజాకు నాలుగేళ్ళు. 15 ఏళ్ళకు లిసియూ పట్టణంలోని కార్మెల్ మఠంలో చేరింది. మరుసటి ఏడాదే తండ్రికి మతి చెడి, మానసిక రోగుల ఆసుపత్రిలో చేర్చారు. ఆయన అక్కడ మూడేళ్ళు ఉన్నాడు. ఇన్ని జరిగినా పరలోకం ఉందన్న నమ్మకం మాత్రం ఆమెలో చెక్కుచెదరలేదు. దేవుడు లేడనే మనుషులు నిజంగా ఉంటారంటేనే నమ్మేది కాదు. వాళ్ళు పైకి అలా అంటారు గానీ లోపల నమ్ముతారనుకునేది.

1896 ఏప్రిల్‌లో, గుడ్ ఫ్రైడే ముందు రాత్రి, దీపం ఆర్పి పడుకోగానే నోట్లోకి ఏదో పొంగి వచ్చింది. దీపం వెలిగించి చూడకుండా తెల్లారేదాకా ఆగింది. పొద్దున చూస్తే రుమాలు నిండా నెత్తురు. క్షయ. అప్పుడామెకు భయం వేయలేదు, ప్రభువు దగ్గరికి పోయే వేళ వచ్చిందని ఆనందపడింది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే, ఈస్టరు పండుగ దినాల్లోనే, లోపల దీపం ఆరిపోయింది. పరలోకం అన్న తలంపే ఆమెకు యాతన అయింది. చావు తర్వాత నీకు దొరికేది శూన్యమే అని చీకటి తనను వెక్కిరిస్తున్నట్టు ఉందని తర్వాత రాసుకుంది.

మఠంలో చాలామందికి ఇది తెలియదు. ఆమె ఆనందగీతాలు రాస్తూనే ఉంది. వాటిని చదివినవాళ్ళు ఈమెకు పరలోకం తెర తొలగి కనబడుతోందనుకున్నారు. తనకున్నది తెర కాదనీ, ఆకాశం దాకా లేచిన గోడ అనీ ఆమె రాసింది. నమ్మాలనుకున్నదాన్ని పాడుతున్నానని ఒప్పుకుంది. ఆదివారం పొద్దున ప్రసంగపీఠం ఎక్కే మాలాంటి వాళ్ళకు ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

దీని మీద ఇంకో దెబ్బ. డయానా వాన్ అనే స్త్రీ సాతాను పూజలు వదిలి కతోలిక సంఘంలో చేరిందని అప్పట్లో ఫ్రాన్సంతా చెప్పుకున్నారు. తెరేజా ఆమెకు ఉత్తరం రాసింది, తాను జోన్ ఆఫ్ ఆర్క్ వేషం వేసిన ఫొటో పంపింది. 1897 ఈస్టరు మర్నాడు పారిస్‌లో ఒక సభ పెట్టి, లియో టాక్సిల్ అనేవాడు ఆ స్త్రీ తన కల్పనే అని ప్రకటించాడు. ఆ సభలో తెర మీద చూపించిన బొమ్మ తెరేజాదే! వచ్చిన జవాబు ఉత్తరాన్ని ఆమె చింపి పెంటకుప్ప మీద పారేసింది. దాని గురించి గోల చేయలేదు.

ఆమె ఆ చీకట్లో ఏం చేసింది? ఒప్పుకోలు వినే గురువు విశ్వాస ప్రమాణం దగ్గర పెట్టుకోమన్నాడు. ఆమె దాన్ని తన నెత్తుటితో రాసి, గుండె దగ్గర పెట్టుకునే సువార్త పుస్తకంలో ఉంచుకుంది. ఆ ఒక్క ఏడాదిలో చేసినన్ని విశ్వాసపు ఒప్పుకోళ్ళు జీవితమంతా చేయలేదట. అవిశ్వాసుల బల్ల దగ్గర వాళ్ళ చేదు రొట్టె తింటూ, వాళ్ళను తన సహోదరులని పిలిచి, వాళ్ళ కోసం ప్రార్థించింది. 1897 సెప్టెంబర్ 30న, 24 ఏళ్ళకు కన్నుమూసింది.

మరుసటి ఏడాది ఆ జీవితకథ 2,000 ప్రతులు అచ్చయింది. అచ్చుకు ముందు ఆమె అక్క పొలీన్ దాన్ని బాగా దిద్దింది. ఆమె రాసింది రాసినట్టు బయటికి రావడానికి 1956 దాకా పట్టింది. ఈలోగా 1925లో పునీతురాలని ప్రకటించారు, ఊరూరా గులాబీల స్వరూపాలు వెలిశాయి. చీకటి కంటే పూలే ముందుగా మన పల్లెలకు చేరాయి.

ఆమె పేరునే పెట్టుకున్న మరో స్త్రీని మీరంతా ఎరుగుదురు, కలకత్తా మదర్ తెరిసా. దాదాపు 50 ఏళ్ళు ప్రార్థనలో ఆమెకు దేవుని సన్నిధి తెలియలేదని 2007లో ఉత్తరాలు అచ్చయ్యాక లోకమంతటికీ తెలిసింది. 1961 ప్రాంతంలో నాయ్‌నర్ అనే గురువు, ఆ ఆరాటమే దేవుడు దగ్గరున్నాడనడానికి గుర్తని చెప్పాక, ఆమె ఆ చీకటిని ప్రేమించడం నేర్చుకుంది.

మేము పునీతులకు ప్రార్థించం. ఆ విషయంలో మా బోధ మారలేదు, ఈ మాటతో మా కతోలిక మిత్రులు నొచ్చుకోరనుకుంటాం. అయితే హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం వాగ్దానం చేతికందకుండానే చనిపోయినవాళ్ళ పట్టిక. ఆ పట్టికలో ఈమెకు చోటు లేదని చెప్పే ధైర్యం మాకు లేదు.

అంతా విన్నాక ఆ అక్క అడిగింది: "చివరికి ఆ గోడ కూలిందా అయ్యగారూ?"

"లేదక్కా, చనిపోయేదాకా ఉంది" అన్నాం.

చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "అయితే నాకు ఎరిగిన మనిషే" అంది.

ఆ ఆదివారం మేము గంట కొట్టించి గుమ్మంలో నిలబడి ఉన్నాం. ఆమె తలమీద కొంగు కప్పుకొని మా ముందునుంచే పెద్దవీధి వైపు వెళ్ళింది. ఒక్కసారి తిరిగి చూసి దండం పెట్టింది.