పసికందుల రక్తనాళ లోపాలకు త్రీడీ నమూనా

భద్రాచలం: చర్ల, దుమ్ముగూడెం మండలాల అటవీ పల్లెల్లో పసిబిడ్డకు ఊపిరిలో గురగుర వినిపిస్తే నెమ్ము అనుకోవడం సహజం. మందులకు తగ్గక, పాలు తాగేటప్పుడు బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే మరొక అరుదైన లోపాన్నీ అనుమానించాలి. గర్భస్థ శిశువులో బృహద్ధమనికి రెండు వంపులు ఏర్పడతాయి. వాటిలో కుడివైపుది సాధారణంగా చాలావరకు కృశిస్తుంది. అలా జరగక రెండూ మిగిలితే శ్వాసనాళం, అన్నవాహికల చుట్టూ ఉంగరంలా బిగుసుకుంటాయి. సన్నని వంపును కత్తిరించి ఆ బిగువు విడిపించడమే శస్త్రచికిత్స.

ఆ వంపు ఏదో ముందే చూపేందుకు త్రీడీ నమూనా తోడ్పడుతుంది. సీటీ చిత్రాల్లోని రక్తనాళాలను కంప్యూటరు వేరుచేయగా, ప్రింటరు పొరపై పొర పేర్చి వాటి ప్రతిరూపాన్ని తయారుచేస్తుంది. మెదడు రక్తనాళ లోపాలున్న నలుగురు పిల్లలకు ఇటువంటి నమూనాలు వాడిన అనుభవాన్ని అమెరికాలోని బోస్టన్ చిల్డ్రన్స్ ఆసుపత్రి వైద్యులు 2015లో వెల్లడించారు. వారిలో ఒకరి వయసు 2 నెలలే. సీటీ ఫిల్ము అర్థంకాని తల్లికి కోయ భాషలో నచ్చజెప్పడానికీ ఈ బొమ్మ పనికొస్తుంది.

అయితే నమూనాలో రక్తం ప్రవహించదు, నాడి కొట్టుకోదు. పైగా చాలా కేసుల్లో సీటీ ఒక్కటే సరిపోతుంది. అసలు చిక్కు బిడ్డను అంతదాకా చేర్చడమే. భద్రాచలం నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి వచ్చినప్పుడు తగ్గని గురగుర గురించి తప్పక చెప్పాలి. పెదవులు నీలిరంగుకు మారితే ఆ బృందం కోసం ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.