ఫైబర్ స్పీడ్: ప్లాన్‌లో 300.. ఫోన్‌లో 50! ఎక్స్‌ట్రా డబ్బులు కట్టినా స్పీడ్ ఎందుకు రావట్లేదు? లోపం ఎక్కడుందో ఇలా పట్టేయండి

100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 300కి మారారు. నెల బిల్లు పెరిగింది.. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పెరిగింది. తీరా బెడ్‌రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 48! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మా వైపు నుంచి అంతా ఓకే సార్’ అంటారు. చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే. కాకపోతే ఆ మాట ప్లాన్ అమ్మేటప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. బయటి నుంచి బాక్స్ దాకా 300 వస్తోంది.. బాక్స్ నుంచి మీ చేతిలోని ఫోన్ దాకా రావడం లేదు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. ఏది మీదో తెలుసుకోకుండా మళ్లీ పెద్ద ప్లాన్‌కి వెళ్తే డబ్బులు దండగే.

ముందుగా ఒక చిన్న లెక్క. ప్లాన్‌లో ఉండేది మెగాబిట్స్. ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కంప్యూటర్‌లో కనిపించేది మెగాబైట్స్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. అంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్ల దగ్గర ఆగితే అది ఫుల్ స్పీడే. 300 ప్లాన్‌లో అది 37 దాకా వెళ్తుంది. 2 జీబీ సినిమా 100 ప్లాన్‌లో దాదాపు 3 నిమిషాలు, 300లో నిమిషం లోపు. అదీ అవతలి సర్వర్ అంత వేగంగా పంపితేనే.

అసలు దొంగ వైఫైయే!

రౌటర్‌లో సాధారణంగా రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. పాత బాక్సుల్లో 2.4 ఒక్కటే ఉంటుంది. ఈ బ్యాండ్‌లో ఒక్క యాంటెన్నా వాడే తక్కువ ధర ఫోన్‌కి లింక్ స్పీడే 72 ఎంబీపీఎస్. అందులో చేతికి అందేది 40 నుంచి 50. మీరు 300 తీసుకున్నా, 1000 తీసుకున్నా అంతే! అపార్ట్‌మెంట్ అయితే ఇంకా కష్టం. వైఫై లిస్ట్ ఓపెన్ చేస్తే పక్కింటివి, పై ఇంటివి కలిపి ఇరవై పేర్లు కనిపిస్తాయి. అవన్నీ అదే ఇరుకు దారిలో తోసుకుంటూ వెళ్లాల్సిందే.

5 గిగాహెర్ట్జ్ దారి విశాలం. వైఫై 5 ఉన్న రెండు యాంటెన్నాల ఫోన్‌కి లింక్ స్పీడ్ 866 దాకా చూపిస్తుంది. రౌటర్ ఉన్న గదిలోనే అయితే నిజంగా 400 నుంచి 600 రావచ్చు. కాబట్టి 300 ప్లాన్ అక్కడ పూర్తిగా దక్కుతుంది. కానీ దీనికి గోడలంటే పడదు. మన ఇళ్లలో ఇటుక గోడలు, కాంక్రీట్ స్లాబులు. రెండు గోడలు దాటేసరికి స్పీడ్ సగానికి, అంతకంటే కిందకి పడిపోవడం మామూలే. ఇక మన టెక్నీషియన్లు బాక్స్ ఎక్కడ పెడతారో తెలిసిందే కదా.. వైర్ ఎక్కడ లోపలికి వస్తే అక్కడ. గుమ్మం పక్కన షూ ర్యాక్ మీద, టీవీ వెనకాల, ఇనుప బీరువా పక్కన. కాస్త వైర్ పొడిగించి ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టించుకుంటే ప్లాన్ మార్చకుండానే తేడా కనిపిస్తుంది. బిగించేటప్పుడే అడగాలి, తర్వాత ఎవరూ రారు.

రెండు బ్యాండ్లకు ఒకే పేరు ఉంటే ఫోన్ ఒక్కోసారి 2.4కే అతుక్కుపోతుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో పేర్లు విడదీసి, ఫోన్‌ని, టీవీని 5కి కలిపి చూడండి. దూరంగా ఉన్న గదికి మాత్రం 2.4యే దిక్కు.

95 దగ్గరే ఆగిపోతోందా?

ఎన్నిసార్లు టెస్ట్ చేసినా 93, 94, 95.. అంతకు మించి కదలడం లేదంటే కారణం దాదాపు ఖాయం. మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉంది. పాత రౌటర్‌లో కావచ్చు, ఫైబర్ బాక్స్‌లో కావచ్చు. లాన్ వైర్‌లో ఎనిమిది తీగలకు నాలుగే బిగించినా ఇదే జరుగుతుంది. 300 ప్లాన్‌కి మారేటప్పుడు కంపెనీ పాత బాక్స్‌నే ఉంచేస్తే మీరు కట్టే అదనపు డబ్బుకి ఫలితం సున్నా. అప్‌గ్రేడ్‌కి ముందే ‘గిగాబిట్ పోర్ట్, 5 గిగాహెర్ట్జ్ ఉన్న బాక్స్ ఇస్తారా?’ అని అడగండి. అన్నట్టు, ఖరీదైన చాలా 4కే టీవీల్లోనూ లాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. 4కే వీడియోకి అది చాలు కాబట్టి కంగారు పడక్కర్లేదు.

1 జీబీపీఎస్ ప్లాన్ సంగతి కూడా ఇంతే. గిగాబిట్ పోర్ట్‌కి వైర్ పెట్టి చూసినా 940 దాటదు. మిగతాది డేటాతో పాటు వెళ్లే అడ్రస్ సమాచారానికి పోతుంది. వైఫై 5 ఫోన్‌లో అయితే వెయ్యి అంకె కలలోనే.

రాత్రి 9 అయితే స్లో.. ఎందుకు?

పొద్దున ఫుల్ స్పీడ్ వచ్చి రాత్రి పడిపోతుంటే అది మీ ఇంటి సమస్య కాకపోవచ్చు. మన దగ్గర ఎక్కువగా కనిపించే జీపాన్ టెక్నాలజీలో ఒక ఫైబర్ మీద వచ్చే 2.5 జీబీపీఎస్‌ని స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. లెక్క వేస్తే 32 ఇళ్లకు తలా 78 ఎంబీపీఎస్ కూడా రాదు. అయినా 300 ప్లాన్లు ఎలా అమ్ముతున్నారు? అందరూ ఒకే సెకనులో ఫుల్‌గా లాగరు కాబట్టి. హెచ్‌డీలో మ్యాచ్ చూసే ఇంటికి పట్టేది పది లోపే. అందుకే మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు. కానీ ఆపరేటర్ పైనుంచి తెచ్చుకునే లింక్ చిన్నదైతే మాత్రం ఐపీఎల్ రాత్రి తేలిపోతుంది. దీనికి మీ రౌటర్ మార్చినా లాభం లేదు, ఆపరేటర్‌నే మార్చాలి.

ఇక పక్కింట్లో సిక్స్‌కి అరుపులు వినిపించాక మీ ఫోన్‌లో బౌలర్ పరుగెత్తుతున్నాడా? అది స్పీడ్ తక్కువై కాదు. లైవ్ స్ట్రీమింగ్‌లోనే కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా అది పోదు.

టెస్ట్ ఇలా చేయండి

ఫోన్‌లో కాదు.. ల్యాప్‌టాప్‌ని లాన్ వైర్‌తో నేరుగా బాక్స్‌కి కలపండి. ల్యాప్‌టాప్ పోర్ట్ కూడా గిగాబిట్‌దే అయి ఉండాలి. మిగతా ఫోన్లు, టీవీలు వైఫై నుంచి తీసేయండి. పొద్దున ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి చూడండి. ఊక్లా స్పీడ్‌టెస్ట్ దగ్గర్లోని సర్వర్‌ని ఎంచుకుంటుంది.. ఒక్కోసారి అది మీ ఆపరేటర్‌దే అయి ఉంటుంది. అందుకే నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్‌లో కూడా చూడండి. రెండింటికీ భారీ తేడా ఉంటే ఆపరేటర్ బయటి లింక్ మీద అనుమానపడొచ్చు. వైర్‌లో 280 దాటి వస్తే ఫైబర్ బాగున్నట్టే, వైఫై సంగతి చూసుకోవాలి. వైర్‌లోనే రాకపోతే స్క్రీన్‌షాట్లు తీసి, కంప్లైంట్ పెట్టి డాకెట్ నంబర్ తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

బాక్స్‌పై ఎల్ఓఎస్ అనే ఎర్ర లైట్ వెలుగుతుంటే అసలు సిగ్నలే రావడం లేదని అర్థం. సన్నటి ఫైబర్ వైర్ మేకు దగ్గర మడత పడినా కాంతి తగ్గిపోతుంది. కాస్త తగ్గితే స్పీడ్‌పై ప్రభావం ఉండదు, మరీ తగ్గితే కనెక్షన్ తెగుతూ వస్తుంటుంది.

అసలు మీకు 300 కావాలా?

నెట్‌ఫ్లిక్స్ 4కేకి అడిగేది 15 ఎంబీపీఎస్. యూట్యూబ్ 4కేకి 20. ఫుల్ హెచ్‌డీకి 5 చాలు. 2017లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకు ఇచ్చిన 15 ఎంబీపీఎస్‌లోనే ఒక టీవీ హాయిగా నడిచేది. నలుగురున్న ఇంట్లో రెండు టీవీలు, నాలుగు ఫోన్లు, ఒక వర్క్ ఫ్రమ్ హోమ్ ల్యాప్‌టాప్ ఉన్నా 100 సరిపోతుంది. అమెరికా ఆఫీస్ వీపీఎన్ స్లోగా ఉందని 300కి మారేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడికి వెళ్లి రావడానికే డేటాకి 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, ప్లాన్ మార్చినా ఆ దూరం తగ్గదు. పెద్ద గేమ్‌లు డౌన్‌లోడ్ చేసేవాళ్లకి, రోజూ వీడియోలు అప్‌లోడ్ చేసే యూట్యూబర్లకి మాత్రం 300 పనికొస్తుంది. అప్‌లోడ్ కూడా అంతే స్పీడ్ ఇస్తారో లేదో ముందే కనుక్కోండి, అన్ని ప్లాన్లలో ఇవ్వరు. మిగతావాళ్లు ఆ తేడా డబ్బుని ఒక్కసారి మంచి డ్యూయల్ బ్యాండ్ రౌటర్ మీద పెడితే బెడ్‌రూమ్‌లో 48 పోయి మూడంకెలు కనిపించే అవకాశమే ఎక్కువ.