ఏం నమ్ముతావని అడగని చర్చి

బోస్టన్ దగ్గర మేముండే ఊళ్లో, ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చునే పెద్దాయన దేవుడే లేడంటాడు. ముందు బెంచీలో ఆమె బౌద్ధుల ధ్యానం చేసుకుంటుంది. ఇద్దరూ సభ్యులే. చందా కడతారు, పాస్టరుగా ఎవరిని పెట్టుకోవాలో ఓటేస్తారు. నమ్మకం ఎవరిష్టం వాళ్లదట, ఒకరితో ఒకరు ఎట్లా మెలగాలన్నదానికే మాటివ్వాలట. యూనిటేరియన్లంటారు వీళ్లను.

వీళ్ల పూర్వీకులు మాత్రం మహా కఠినులు. ఇంగ్లండు నుంచి వచ్చిన ప్యూరిటన్లు, తమ మాట వినని క్వేకర్లను బోస్టన్‌లో ఉరి తీసినవాళ్లు. అయితే ఏ చర్చి పెత్తనం ఆ చర్చి సభ్యులదేనని 1648లోనే రాసుకున్నారు. ఆ రాత తర్వాత వాళ్ల వారసులకు అక్కరకు రాలేదు.

డెడమ్ ఊరి తగువు వినండి. అప్పట్లో మసాచుసెట్స్‌లో చర్చికి జనం పన్ను కట్టాలి. 1818లో పన్ను కట్టే ఊరివాళ్లు హార్వర్డ్‌లో చదివిన ఓ కుర్ర పాస్టరును ఎన్నుకున్నారు. ఉదారవాది, అంటే యూనిటేరియన్ల వైపువాడు. చర్చి సభ్యుల్లో ఎక్కువమందికి మింగుడు పడలేదు. పత్రాలూ నిధులూ చంకన పెట్టుకుని వేరుపడ్డారు. కోర్టుకెక్కితే 1820లో, ఆస్తి ఊరితో నిలిచినవాళ్లదే పొమ్మంది. గుడిమాన్యం దావాలు చూసిన మనకు ఇందులో వింతేముంది! అదే దారిన చాలా పాత చర్చిలు యూనిటేరియన్ల చేతికొచ్చాయి. చట్టం సంగతేమోగాని, తాతల నాటి మందిరం పోగొట్టుకున్న ఆ భక్తుల మీద నాకు జాలే.

1832లో ఎమర్సన్, ఆ పెద్ద రచయితే, రొట్టె ద్రాక్షరసాల సంస్కారం మనసొప్పక చేయలేనని బోస్టన్‌లో యూనిటేరియన్ పాస్టరు కొలువే వదిలేశాడు. మా అనంతపురంలో పనిచేసిన ఫాదర్ ఫెర్రర్ కూడా 1970లో జెస్యూట్ల కేథలిక్ సభ వదిలి అక్కడి పల్లెల్లోనే ఉండిపోయాడు.

నాకిదంతా మరీ కొత్తగా లేదంటే మా జిల్లాలోని గూగూడు చలవే. మొహర్రంకు కుళ్లాయిస్వామి పీర్ల ముందు హిందువులూ ముస్లిములూ చక్కెర చదివిస్తారు. పొట్లం చేతిలో పెట్టేవాళ్లు నీదేం మతమని అడగరు. మా బళ్లో కుళ్లాయప్ప పేరున్నవాళ్లు రెండు మతాల్లోనూ ఉండేవాళ్లు. కాకపోతే అక్కడ ఎవరి మొక్కు వాళ్ల కడుపులోనే ఉంటుంది. ఇక్కడి చర్చిలో లేచి, సంతోషమో బాధో అందరికీ చెప్పి కొవ్వొత్తి వెలిగిస్తారు.

మొన్న జూన్‌లో నేనూ అనంతపురం వాన కోసం వెలిగించాను. తర్వాత కాఫీ దగ్గర ఓ పెద్దావిడ పట్టుకుంది, మీ దగ్గర ఏడాదికెంత పడుతుందని. సుమారు 550 మిల్లీమీటర్లన్నాను. బోస్టన్‌లో దానికి రెట్టింపు. పడకపోతే ఏం చేస్తారంది. విరాటపర్వం చదివిస్తారు, కప్పలకు పెళ్లి చేస్తారు, ఈద్గాలో నమాజు చేస్తారు అన్నాను. వీటిల్లో ఏది పని చేస్తుందంది. వేరుశనగ బుడ్డలు విత్తినాక దేన్నీ వదలం, అన్నీ చేస్తాం అన్నాను.